కుడివైపు తిప్పితే

నందిగామలో ఎరువుల కొట్టు నడిపే నరేంద్రకి ఆ ఆదివారం పొద్దున్నే భార్య దగ్గర్నించి ఫోనొచ్చింది.

"కారు చప్పుడు చేస్తోంది. కుడివైపు తిప్పితే టకటకమంటోంది," అంది సింధూర. "మీకు వీలుంటే ఒకసారి చూస్తారా?"

వీలుంటే అన్న మాటకి అతని మనసు చివుక్కుమంది. అయినా కొట్టు గుమాస్తాకి అప్పజెప్పి దొరికిన బస్సెక్కేశాడు.

వాళ్ళిద్దరి మధ్యా గొడవంటూ ఏదీ జరగలేదు. సింధూరకి జగ్గయ్యపేట అవతల, నల్గొండ సరిహద్దు దగ్గర పల్లెలో టీచరు ఉద్యోగమొచ్చింది. రోజూ నందిగామ నించి అంత దూరం తిరగలేక పేటలో గది తీసుకుంది. పల్లెకి బస్సులు సరిగ్గా లేవని కారు ఆమెకే ఇచ్చాడు. మొదట్లో శనివారం సాయంత్రానికల్లా వచ్చేసేది. తర్వాత పరీక్ష పేపర్లంది, ట్రైనింగంది. వారాలు నెలలయ్యాయి. ఎందుకు రాలేదని ఇతను అడగలేదు, మీరైనా రావచ్చుగా అని ఆమె అనలేదు. అటూ ఇటూ కబురు మోయడానికి పిల్లలు కూడా లేరు.

అతను పేట చేరేసరికి సింధూర గది గుమ్మంలోనే తాళంచెవి పట్టుకుని నిలబడి ఉంది. పాపిట పక్కన నెరిసిన వెంట్రుకలు నరేంద్ర కంటబడ్డాయి. అవి ఎప్పుడు నెరిశాయో అతనికి తెలియదు.

ఊరి చివర ఖాళీ మైదానంలోకి వెళ్ళారు. "నువ్వు నడుపు, నేను బయట నిలబడి వింటా. స్టీరింగు పూర్తిగా తిప్పి నెమ్మదిగా చుట్టు తిరుగు."

ఎడమవైపు తిరిగినప్పుడు చప్పుడు లేదు. కుడివైపు తిరగ్గానే టక్ టక్ టక్ మంటూ మొదలైంది. నరేంద్ర ఎడమ చక్రం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని లోపలికి చెయ్యి పెట్టాడు. వేళ్ళకి నల్లటి గ్రీజు అంటుకుంది.

"ఈ కారుకి ముందు చక్రాలే లాగాలి, ముందు చక్రాలే తిరగాలి. అందుకని అక్కడో జాయింటుంటుంది. కుడికి తిప్పితే బరువు ఎడమ చక్రం మీద పడుతుంది. జాయింటు మీది రబ్బరు తొడుగు చిరిగింది. గ్రీజు పోయి దుమ్ము చేరింది. ఎప్పట్నించీ ఇలా?"

"వానాకాలం నించి."

"అప్పుడే చెప్పకపోయావా?"

"హైవే మీద వణుకుతోంది కూడా," అంది.

అది చూడ్డానికి నందిగామ వైపే బయల్దేరారు. చిల్లకల్లు దాటాక యాక్సిలరేటరు గట్టిగా తొక్కమన్నాడు. కాళ్ళ కింద రేకు అదిరింది, ఆ అదురు మోకాళ్ళ దాకా పాకింది.

"కాలు తియ్యి."

వణుకు ఆగిపోయింది.

"మళ్ళీ తొక్కు."

మళ్ళీ వచ్చింది. చక్రాల బ్యాలెన్సు తప్పితే కాలు తీసినా వణుకుతుంది. ఇది ఇంజను లాగినప్పుడే వస్తోంది, అంటే ఇంజను వైపుండే లోపలి జాయింటూ అరిగింది. ఆ సంగతి తేలిపోయాక కూడా నరేంద్ర ఇంకోసారి, ఇంకోసారి అని తొక్కించాడు.

"ఇంకా తెలీలేదా?" అంది సింధూర. పెదవుల మీద నవ్వులాంటిది కదిలింది.

వేదాద్రి రోడ్డు మీద ఆమెకి డ్రైవింగు నేర్పింది అతనే. అప్పట్లో ఎదురుగా లారీ కనబడితే అతని చెయ్యి గట్టిగా పట్టుకునేది. ఇప్పుడు పత్తి బస్తాల లారీని నిమ్మళంగా దాటేసింది. నరేంద్ర చెయ్యి ఒళ్ళోనే ఉండిపోయింది.

నందిగామలో మెకానిక్కు ఆశీర్వాదం కారు కింద దూరి చూశాడు. "మీరన్నదే సార్. జాయింట్లతో సహా యాక్సిల్ మొత్తం మార్చేద్దాం. సాయంత్రమౌద్ది."

సాయంత్రం దాకా అన్నందుకు నరేంద్ర లోలోపల సంతోషించాడు. "ఇంటికెళ్దామా?" అన్నాడు. ఆమె పదండి అంది.

అన్నం నరేంద్రే వండాడు. ఆమె వంటింట్లోకొచ్చి, "పచ్చడి సీసా ఎక్కడ పెడుతున్నారిప్పుడు?" అని అడిగింది. ఆమె వంటింట్లో ఆమే అలా అడగడం అతనికి చాలా కష్టమనిపించింది. సీసా తీసిచ్చాడు.

తింటూ తింటూ సింధూర అంది, "పేటలో మెకానిక్కులు లేక కాదు మిమ్మల్ని పిలిచింది."

"మరి?"

"ఆ చప్పుడు వినబడ్డప్పుడల్లా మీకు చెప్పాలనిపించేది. చాన్నాళ్ళు ఆపుకున్నా."

ఈ రాత్రికి ఉండిపో అనబోయాడు. "రేపు స్కూలుందిగా?" అన్నాడు.

ఆమె కంచం వైపు చూస్తూ, "ఉంది," అంది.

పొద్దు వాలకముందే కారు తయారైంది. ఆశీర్వాదం వాకిట్లో సింధూర కుడికోసారి ఎడమకోసారి చుట్టు తిప్పింది. చప్పుడు లేదు. "బానే ఉందండీ, వెళ్ళొస్తా," అని హైవే ఎక్కేసింది. కారు కనుమరుగయ్యాక కూడా నరేంద్ర అక్కడే నిలబడి ఉంటే, "ఇంకేమైనా ఉందా సార్?" అని అడిగాడు ఆశీర్వాదం. ఏం లేదన్నాడు.

ఆ వారమంతా ఫోను దగ్గరికి వెళ్ళడం, వెనక్కి రావడం. శనివారం మధ్యాహ్నమే కొట్టు కట్టేసి పేట బస్సు ఎక్కాడు. వస్తున్నానని ఆమెకి కబురు చెయ్యలేదు. సీటు దొరక్క కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. ఎందుకొచ్చారని ఆమె అడిగితే చెప్పడానికి ఈసారి పనంటూ ఏమీ లేదు.