అటకలో కురిసిన బూడిదరంగు మంచు

నిచ్చెన మొదటి మెట్టు మీద కాలు పెట్టిన రైమో, "అమ్మో!" అంటూ దిగిపోయాడు. మోకాలు మొరాయించింది.

"గొట్టం ఇటివ్వు. ఇవాళ నేనెక్కుతా," అంది సెయ్యా.

"నువ్వా? దూలం తప్పి అడుగేశావంటే సరాసరి ఈ ఇంటావిడ లెంపి గారి వంటింట్లో పడతావే!"

"పడితే ఆవిడే లేపుతుందిలే. నువ్వు మూటలు విప్పవయ్యా."

కుహ్మో ఊరి చుట్టుపక్కల ఇళ్లకు చలి సోకకుండా పైకప్పు కింది అటకల్లో కాగితప్పీచు నింపడమే ఆ మొగుడూ పెళ్లాల బతుకుతెరువు. పాత వార్తాపత్రికలతో చేసిన ఆ పీచును లారీలోని యంత్రంలో వేయడం ఆమె వంతు, పైకెక్కి గొట్టంతో చిమ్మడం అతని వంతు. ఇన్నేళ్లలో సెయ్యా ఒక్కసారీ అటకెక్కలేదు.

మాస్కు పెట్టుకుని, నుదుటి దీపం వెలిగించి, దూలాల మీద పాకుతూ లోపలికి వెళ్లింది. కింద రేడియో పాట, కుక్క అరుపు, లెంపి గారి దగ్గు పలకల సందుల్లోంచి పైకొస్తున్నాయి. చేతిలోని మీట నొక్కింది. గొట్టం కొండచిలువలా కదిలి పీచు కక్కింది. చూరు దగ్గర మొదలుపెట్టి, వెనక్కి జరుగుతూ పరుస్తూ వచ్చింది. బూడిదరంగు మంచు కురిసినట్టే ఉంది. దూలాలు మునిగాయి, మేకులు మునిగాయి, ఎవరో ఎప్పుడో వదిలేసిన చెప్పు మునిగింది.

పీచు ఎత్తు కొలిచే గుర్తు దాకా నిండాక యంత్రం ఆపింది. అప్పుడు తెలిసింది.

కింది చప్పుళ్లన్నీ పీచు మింగేసింది. రేడియో లేదు. కుక్క లేదు. ప్రపంచమే లేదు. తన ఊపిరి ఒక్కటే ఉంది. ఊపిరి బిగబట్టింది. గుండె కొట్టుకోవడం వినబడింది, మరెవరిదో అన్నంత స్పష్టంగా.

యంత్రం ఆగినా ఆమె ఎంతకీ దిగి రాకపోయేసరికి రైమో మోకాలి సంగతి మరిచి ఎక్కొచ్చాడు. "ఏమైందే? కళ్లు తిరిగాయా?"

అతని మాట ప్రతిధ్వని లేకుండా, చెవిలో చెప్పినట్టు వినబడింది. సెయ్యా పక్కనున్న పలక చూపించింది. కూర్చున్నాడు.

"రోజూ ఇలాంటి చోట ఉండి, కిందికొచ్చి 'అయిపోయింది పద' అనేవాడివా?"

"మరేం చెప్పను? చప్పుడైతే ఇలా ఉందని చెప్పొచ్చు. ఇదెలా చెప్పేది?"

నిజమే అనిపించింది. దీపం ఆర్పేసింది. చీకట్లో ఇద్దరూ మాట్లాడకుండా కూర్చున్నారు, ఇద్దరి ఊపిరీ ఒకటయ్యేదాకా.

"నీ మోకాలి నొప్పి తగ్గినా సరే," అంది చివరికి, "రేపూ నేనే ఎక్కుతా."