చప్పటి టీ

నేను ఒక స్టీలు డబ్బాను. రేకును అచ్చులో పెట్టి నొక్కితే పుట్టాను. పెళ్లికానుకగా ఇస్తూ నా మూతమీద చుక్కలు చుక్కలుగా పేర్లు కొట్టించారు: గవరయ్య, వరహాలమ్మ. ఆ ఇద్దరూ సమానంగా పక్కపక్కన ఉన్నది నా మూతమీదే.

గవరయ్య అనకాపల్లిలో బెల్లం వ్యాపారి. ఇంట్లో టీకి మాత్రం పంచదారే. అది నాలో ఉండేది. టీ ఎంత తీపిగా ఉంటే ఇల్లు అంత కలిగినదని అతని నమ్మకం. భార్య శనివారం ఒక్కపొద్దు ఉంటానన్నా ఒప్పుకోలేదు. తిండికి లేని కొంపా ఇది అన్నాడు.

నలభై ఆరో ఏట వరహాలమ్మకు షుగరని తేలింది. అప్పటికే అరవై దాటిన మనిషిలా ఉండేది. నర్సు రత్నకుమారి ఇంటికొచ్చి చెప్పింది.

"ఒంట్లో కణాలకి అప్పుడప్పుడు కాస్త ఆకలి తెలియాలి బాబూ. అప్పుడే పాడైంది బాగుచేసుకుంటాయి. పొద్దస్తమానం తీపి పోస్తే ఆ పని మానేసి ముందే ముసలివైపోతాయి. తీపి మానిపించండి."

"అంటే పంచదార," అన్నాడు గవరయ్య. ఆ సాయంత్రమే పంచదార పక్కింటివాళ్లకు ఇచ్చేసి, నా నిండా బెల్లంపొడి పోశాడు.

వారం తర్వాత నర్సు నా మూత తీసింది. "ఇదేటి?"

"బెల్లం. ఇది తినే మా తాత తొంబై ఏళ్లు బతికాడు."

"మీ తాత రోజల్లా గానుగెద్దుల ఎనకాల తిరిగాడు. మీరు కుర్చీ దిగరు. ఒంటికి రెండూ ఒకటే బాబూ."

ఆమె వెళ్లాక వరహాలమ్మ మెల్లగా అంది, "సప్పటి టీ తాగుతానయ్యా. నాకదే బాగుంటాది."

"బెల్లం యాపారి పెళ్లాం బెల్లం మానేసిందంటే బజార్లో నన్నేటంటారు? తాగు."

తాగింది. ఆరేళ్లు తాగింది.

చెప్పు కరిచిన పుండు మానలేదు. కాలి వేలు తీశారు. తర్వాత పాదం. తర్వాత తీయడానికి మనిషి మిగల్లేదు.

పదకొండో రోజున గవరయ్య ఆమె ఫోటో ముందు టీ గ్లాసు పెట్టి, నాలోంచి రెండు చెంచాల బెల్లం వేశాడు. "దానికి బెల్లం టీ అంటే ప్రాణం," అని చుట్టాలకు చెప్పాడు. ఆ టీకి చీమలు మాత్రం వచ్చాయి.

ఇప్పుడు గవరయ్యకూ షుగరే. నాలో అతని మాత్రలున్నాయి. శనివారాలు ఒక్కపొద్దు ఉంటున్నాడు. రోజూ చప్పటి టీ తాగి బజారుకు వెళ్తున్నాడు.

బజార్లో అతన్ని ఎవరూ ఏమీ అనలేదు.