మాణిక్యాంబ చేయి సోఁకని ముద్ర

హేమంతప్రభాతమున ధవళేశ్వరపు టానకట్ట కెగువను గౌతమి ప్రాలేయపటలపరివేష్టితయై నిశ్చలముగా నిలిచియుండఁగా బాలభానుకిరణములు తెరచాపల యంచులఁ దాఁకియుఁ దాఁకకయు నీటితో మంచును మంచుతో నాకాశమును గలిపివేయుచుండఁగా, నేది యొడ్డో యేది ప్రవాహమో తెలియరాని యా శోభను రేవుమెట్లపైఁ గూర్చుండి రాగిరేకుపై సూదిమొనతో గీయుచుండు చిత్రకారుఁ డొకఁడు గలఁడు. ఆతని నామధేయ మాదిరాజు కమలాకరుఁడు.

యౌవనమునఁ బారిసునగరమున మూఁడేండ్లు వసించి వస్తువును గాక వస్తువుపైఁ బడు వెలుఁగునే చిత్రించు నచ్చటి నవీనుల మార్గము నలవఱచుకొని వచ్చిన యాతని వర్ణచిత్రములను జూచి యీదేశపు రసికులు పూర్తికాని పటములని నవ్విరి. అంత నాతఁడు రంగులను విడిచి రాగిరేకుల నాశ్రయించెను. మైనము పూసిన రేకుపై సూదితో గీసి యామ్లమున ముంచి యా గీఁతలు లోఁతుపడిన పిమ్మట సిరా నింపి తడికాగితముపై నొత్తుటయే యా విద్య. గీయుట కమలాకరునిది, ముద్రించుట యాతని యిల్లాలు మాణిక్యాంబది. రేకుపై మిగిలిన సిరాను మొదటఁ బలుచని గుడ్డతోఁ దుడిచి పిదప నరచేతితో నొకచోటఁ దేల్చియు నొకచోట నిలిపియు నామె తెచ్చు ఛాయయే యా చిత్రములకుఁ బ్రాణము. ఈ సంగతి దంపతులకుఁ దక్క నన్యులకుఁ దెలియదు.

ఒక యేఁడు మాణిక్యాంబ విషజ్వరపీడితయై మూఁడుమాసములు మంచము పట్టెను. వైద్యునాజ్ఞచే నామె దీర్ఘకేశపాశమును గొఱిగించిరి. జ్వరము దిగిన యొకనాఁటి యుదయమునఁ గిటికీవెలుఁగులో నెముకలగూడై ముండితశిరస్కయై కూర్చున్న తన్ను భర్త చిన్నరేకుపై గీయుచుండుటఁ జూచి యామె కొంగు తలపైకి లాగికొనెను.

"ఈ రూపమును గూడ గీయవలెనా? నలుగురు చూచిరేని నేను బ్రతుకఁజాలను సుమండీ."

"పిచ్చిదానా, యిది నాకొఱకే. దీనికి సిరా యంటనీయను. నీమీఁద నొట్టు" అని యాతఁడు రేకును బెట్టెలో నుంచి తాళము వేసెను.

రెండేండ్లకుఁ జెన్నపురిలో నాతని ముద్రాచిత్రప్రదర్శనము జరిగెను. ప్రయాణపు బడలిక నోర్వలేవు రావలదని భర్త వారించినను, ఆతని గౌరవమును గన్నులారఁ జూడవలెనను నుబలాటముచే నామె చెప్పక బయలుదేఱి యా నగరముననే యున్న యన్నగారింట దిగి వదినెతోఁ గూడ నా మందిరముఁ బ్రవేశించెను. తన చేతులమీఁదుగా వెలువడిన గోదావరీచిత్రముల నొక్కొక్కటిగా గుర్తించుచు గర్వమందగమనయై చనుచున్న యా యిల్లాలు జనులు గుమిగూడిన యొక మూలకు వచ్చి నిలువునఁ గొయ్యబాఱెను.

పటమున నున్నది తానే. క్రింద "వితంతువు" అని భర్త చేవ్రాలు. ఛాయలు మోటుగా నున్నవి; అది తన యరచేయి యెఱుఁగని ముద్ర. పరునిచే నొత్తించినాఁడు.

"ఏమే మాణిక్యం, యీమె యెవరో కాని యచ్చముగా నీ పోలికయే! పాప మెంత చిన్నవయసు!" అనెను వదినె.

"ఎవరో, వదినె" అని యామె ముఖము త్రిప్పుకొనెను.

సాయంతనమున జనులు వెడలిపోయిన పిమ్మట, వదినెను ముందుగాఁ బంపి యచ్చటనే నిలిచియున్న యామెను గమలాకరుఁడు చూచి తొట్రుపడి యంతలోఁ దెప్పఱిల్లి యిట్లనెను.

"మాణిక్యా, యిరువదియేండ్లు నన్ను నవ్వినవారే నేఁడీ పటముముందుఁ గన్నీరు పెట్టుచున్నారు. దీనిని బెట్టెలోఁ జంపుకొందునా? పేరు మార్చితిని గదా, నిన్నెవ రెఱుఁగుదురు?"

"మీ రెఱుఁగుదురు గదా. నామీఁద నొట్టు పెట్టి, మీరు బ్రతికియుండఁగనే నన్ను విధవను జేసి గోడకుఁ దగిలించితిరి. తప్పు కాదనుకొన్నచో ముద్రణకు నన్నే పిలిచియుండరా?"

ఆతఁడు తల వంచి, "రేకును గీసి పాడుచేసెదను" అనెను.

"రేకు పాడైన జనుల చేతఁ బడిన కాగితములు తిరిగివచ్చునా?"

ఇంటికి మరలిన వెనుక మాణిక్యాంబ గృహకృత్యములలో నణుమాత్రమును లోపము చేయలేదు గాని ముద్రణపు గదిగడప మఱి త్రొక్కలేదు. కమలాకరుఁడు తన చేతులతోనే తుడిచి యొత్తఁజొచ్చెను. కాగితముపై నది యొకపరి బురదవలె నల్లనై యొకపరి వెలవెలఁబోయి వెలువడెను. మఱుసటియేఁటి ప్రదర్శనము వెలితిపడఁగాఁ బూర్వమాతని మెచ్చిన రసికుఁ డొకఁడు ధవళేశ్వరమునకు వచ్చి వీథియరుఁగుపై నామెను గని మెల్లగా,

"అమ్మా, అయ్యగారికిఁ జూపు మందగించినదా యేమి?" అని యడిగెను.

"లేదండీ. ఆయన చూపునకేమియుఁ గొఱఁత లేదు" అని యామె మంచితీర్థము తెచ్చుటకు లోనికిఁ బోయెను.

తలుపుచాటున సిరా యంటిన చేతులతో నిలిచియున్న కమలాకరుఁ డా మాట వినెను. అతిథి వెడలిపోవువఱకు బయటికి రాలేదు.