వరసలో మొదటి బకెట్టు

శాసనసభ భవనం ముందు పచ్చికకు పొద్దున్నే నీళ్ళు పడుతుంటే చూడడానికి బాగుంటుంది. ట్యాంకరు వెనక గొట్టం విప్పగానే నీళ్ళు విసనకర్రలా విచ్చుకుంటాయి. ఎండ తగిలితే బుల్లి ఇంద్రధనుస్సు కూడా ఒకటి లేస్తుంది. గేటు బయట నడిచిపోయేవాళ్ళు ఒక్క క్షణం ఆగి, "అబ్బ, ఎంత చల్లగా ఉందో" అనుకుని పోతారు. ఆ నీళ్ళు ఎవరి వాటావి అని మాత్రం ఎవరూ అడగరు. అడగకపోవడం మనందరికీ ఉన్న మంచి అలవాటు.

గొట్టం పట్టుకున్న డ్రైవరుకు మాత్రం తెలుసు. ఆ వేళకు ఆ ట్యాంకరు ఉండవలసిన చోటు అది కాదు. ఊరి చివర కొండవాలు బస్తీకి కుళాయిలు లేవు. పంపుహౌసులో నింపుకుని పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ట్యాంకరు ఆ గుట్ట ఎక్కాలి. అతను ఏళ్ళ తరబడి ఎక్కిస్తూనే ఉన్నాడు. అతని అక్క ఇల్లూ అక్కడే. తల్లి పోయాక అతన్ని చంకనేసుకుని పెంచింది ఆ అక్కే.

కానీ ఆ వారం శాసనసభలో ప్రత్యేక సమావేశాలు. భవనం మొగదల రెండు స్తంభాల మధ్య బారెడు బ్యానరు కట్టారు: 'పర్యావరణ పరిరక్షణ, ప్రజల శ్రేయస్సు - మన ప్రాధాన్యాలు'. ఆ బ్యానరు కింద పచ్చిక ఎండి, తేనె రంగుకు తిరిగి ఉంది. అదీ సమస్య.

"ఏవయ్యా డ్రైవరూ, సమావేశాలు అయ్యేదాకా రెండు ట్రిప్పులూ ఇక్కడే," అన్నాడు తోట సూపర్‌వైజరు.

"మరి బస్తీ సంగతి సార్?"

"బస్తీ ఎక్కడికీ పోదు. సమావేశాలైతే పోతాయి."

"ఎండలు మండిపోతున్నాయి సార్. ఒక్క ట్రిప్పైనా..."

"పంపుహౌసు రోజుకు ఇచ్చేదే రెండు ట్యాంకర్ల నీళ్ళు. ఒకటి అటు పోతే ఇక్కడ సగం పచ్చిక, సగం ఎండుగడ్డి. పెద్దవాళ్ళు ఏ సగం మీద నిలబడి ఫొటో దిగాలో నువ్వొచ్చి చెబుతావా?"

"వాళ్ళు అడిగితే ఏం చెప్పను?"

"నీ ఇష్టం వచ్చింది చెప్పుకో. నోరు నీది, బండి మాది."

అతనిది కాంట్రాక్టు ఉద్యోగం. ఇవాళ కాదంటే రేపు ఆ సీట్లో ఇంకొకడు కూర్చుంటాడు. అతను నీళ్ళు నమిలి, తలూపి ఊరుకున్నాడు.

ఆ సాయంత్రం ట్యాంకరు షెడ్డులో పెట్టి, బస్తీకి నడిచి వెళ్ళాడు. రాలేనని చెప్పడానికే వెళ్ళాడు. అంతవరకు అతని మనసు మంచిదే.

మలుపు తిరగగానే వరస కనబడింది. బిందెలు, డబ్బాలు, బకెట్లు గోడ పొడుగునా బారులు తీరి ఉన్నాయి. ఆ బస్తీలో ఒక కట్టుబాటుంది. బిందె ఉన్నచోట మనిషి ఉన్నట్టే. దాన్ని జరపకూడదు, దాటకూడదు. ఎంత కొట్లాడుకునేవాళ్ళైనా ఆ మాట మీద మాత్రం నిలబడతారు. వరసకు కాపలా గొడుగుల తాత. పాత గొడుగులు బాగుచేసి బతికే ముసలాయన. వాన మొహం చూడని ఆ కాలంలో ఆయన దగ్గరికి వచ్చే బేరాలు ఎన్నో మీరే ఊహించుకోండి. పని లేదు కాబట్టి పొద్దస్తమానం వరస దగ్గరే కూర్చునేవాడు. అందరికంటే ముందున్న బకెట్టు ఆయనదే. దాని పిడి విరిగిపోతే గొడుగు వంకీ ఒకటి బిగించుకున్నాడు.

"ఏం అబ్బాయ్, నడిచొస్తున్నావు? బండి అలిగిందా?" అన్నాడు తాత.

అక్కడ ఆడవాళ్ళు ఒక ట్రాలీ ఆటోవాడితో బేరమాడుతున్నారు. పొద్దున ట్యాంకరు రాలేదు గనక, డబ్బాలన్నీ ఎక్కించి దూరాన రైల్వే యార్డు కుళాయికి పోదామని వాళ్ళ ఆలోచన. ఆటోవాడు ఒప్పుకున్నాడు కూడా. సగం డబ్బాలు అప్పుడే పైకెక్కాయి.

అందరూ అతని మొహంలోకి చూశారు. 'లేదు' అన్న మాట గొంతులో అడ్డం పడింది. 'రేపు' అన్న మాట నున్నగా జారింది.

"బండి పాడైంది తాతా. చిన్న రిపేరే. రేపు పొద్దున్నే వస్తుంది."

"అదీ సంగతి! దింపండమ్మా డబ్బాలు," అని తాత చెయ్యి ఊపాడు. "మనవాడు రేపన్నాడంటే రేపే. ఈ బళ్ళ బాడుగ ఎందుకు దండగ?"

డబ్బాలు దిగాయి. ఆటోవాడు విసుక్కుంటూ, "నాకు పొరుగూరి కిరాయి ఉంది. మళ్ళీ పిలిస్తే ఈ వారంలో దొరకను," అని చెప్పి మరీ వెళ్ళిపోయాడు.

అక్క అతన్ని ఇంట్లోకి తీసుకెళ్ళింది. లోపల మేనకోడలు ఒళ్ళో తన పాపను జోకొడుతోంది. పాపకు ఇంకా మెడ నిలవలేదు. అక్క కుండలోకి వంగి, అడుగున ఉన్న నీళ్ళు గ్లాసులోకి వంచి అతని చేతికిచ్చింది.

"ఎండన పడి వచ్చావు. ముందు తాగరా."

"మీకు?"

"రేపు పొద్దున్నే నువ్వు తెస్తావుగా!" అని నవ్వింది.

అతను తాగాడు. ఆ గుటక దిగుతున్నప్పుడైనా నిజం చెప్పి ఉండవచ్చు. పరుగెత్తితే ఆటో సందు చివర దొరికేది. చెప్పలేదు.

మర్నాడు పచ్చిక మీద సభ్యులంతా వరసగా నిలబడి మొక్కలు నాటారు. ఒక్కొక్క మొక్కకూ చెంబెడు నీళ్ళు పోస్తే, ఫొటో సరిగా రాలేదని ఇంకో చెంబు పోయించారు. డ్రైవరు గొట్టం పట్టుకుని, తేలు కుట్టిన దొంగలా ఒక మూల నిలబడ్డాడు. సాయంత్రం అక్క ఫోను చేసింది.

"ఏమైందిరా? తాత పొద్దుటినుంచీ రోడ్డుకేసే చూస్తున్నాడు. ఆయన మెడ అటే ఉండిపోయేలా ఉంది."

"సామాను రాలేదక్కా. రేపు తప్పకుండా."

"పాపకు పాలు కలపడానికి పక్కింట్లో అడిగి తెచ్చాను. వాళ్ళకీ లేవు పాపం. రేపు మాత్రం మర్చిపోకు."

"మర్చిపోతానా అక్కా?" అన్నాడు. అబద్ధం మొదటిసారి చెప్పడమే కష్టం. రెండోసారి దానికి దారి తెలిసిపోతుంది.

ఆ 'రేపు' కూడా వచ్చింది. ట్యాంకరు రాలేదు. ఆటో దొరకలేదు. అప్పుడు బస్తీ జనం కొండ వెనక పాత క్వారీ గుంటలోకి దిగారు. లారీలు కడిగిన నీళ్ళు అవి. పైన పచ్చటి నాచు. గుడ్డలో వడకట్టారు, కొందరు కాచారు. ఎండిపోయిన గొంతుకు కాచి చల్లార్చేదాకా ఓపిక ఎక్కడుంటుంది?

తెల్లారేసరికి ఇంటింటా వాంతులు, విరేచనాలు. అక్క ఫోనులో ఎక్కువ మాట్లాడలేదు. "పాపను ఆసుపత్రికి తెచ్చాం. రా" అంది, అంతే.

ఆసుపత్రి వరండా అంతా తెలిసిన మొహాలే. పాప చేతికి సూది గుచ్చి, ప్లాస్టరు వేసి ఉంచారు. ఆ చెయ్యి ప్లాస్టరు కంటే చిన్నది. మేనకోడలు అతన్ని చూసి, "మావయ్యా, కళ్ళు తెరవడం లేదు మావయ్యా" అంది. అతను ఆ మంచం దగ్గర నిలవలేక ఇవతలికి వచ్చాడు. అక్కడ నేలమీద చాప వేసి గొడుగుల తాతను పడుకోబెట్టారు. మంచాలు చాలలేదు.

తాత పెదవులు తడారి అట్ట కట్టాయి. అయినా అతన్ని గుర్తుపట్టాడు.

"అబ్బాయ్... బండి బాగైందా?"

అతను తలూపాడు.

"నే చెప్పాగా వీళ్ళకి... నమ్మరు. వరస చెదరనివ్వకండని చెప్పు. వస్తాడని చెప్పు."

మధ్యాహ్నానికి పాప కళ్ళు తెరిచింది. గొడుగుల తాత తెరవలేదు.

అదే రోజు సమావేశాలకు ఆఖరి రోజు. ఆసుపత్రి నుంచి అతను తిన్నగా పనిలోకే వెళ్ళాడు. ఎందుకు వెళ్ళాడో అతనికే తెలియదు. కాళ్ళకు అలవాటైన దారి అది. గొట్టం చేతిలోకి తీసుకున్నాడు. సభలో జరిగేది బయట జనం వినడానికి చెట్లకు లౌడ్‌స్పీకర్లు కట్టారు. ఒక సభ్యురాలి గొంతు వినబడింది. ఆవిడ ఒకప్పుడు నర్సు. బస్తీ ఉన్న నియోజకవర్గం ఆవిడదే.

"ప్రజల శ్రేయస్సు గురించి ఇన్ని రోజులుగా మాట్లాడుతున్నాం. నేను ఆసుపత్రి నుంచి వస్తున్నాను. కొండవాలు బస్తీకి నీళ్ళు ఎందుకు వెళ్ళలేదో మంత్రిగారు సెలవివ్వాలి."

కాగితాలు తిప్పిన చప్పుడు. తర్వాత మంత్రిగారి గొంతు, నింపాదిగా:

"అధ్యక్షా, విచారించాం. ట్యాంకరు మరమ్మతులో ఉండటం వల్ల అంతరాయం కలిగింది. స్థానికులు కూడా ఇదే మాట చెబుతున్నారు. ఇందులో ఎవరి నిర్లక్ష్యమూ లేదు."

చేతిలో గొట్టం జారి కిందపడి, పాములా మెలికలు తిరుగుతూ అతని కాళ్ళు తడిపింది. మొహమాటానికి తను ఆడిన మాట, సందు మలుపులో పుట్టిన చిన్న అబద్ధం, ఇప్పుడు ప్రభుత్వం మాట అయి కూర్చుంది. అధికారులు వెళ్ళి బస్తీని అడిగారు. బస్తీ తనను నమ్మి అదే చెప్పింది. తాత ప్రాణానికి జవాబు చెప్పవలసిన వాళ్ళందరినీ తనొక్కడే, తన నోటితోనే, ఒడ్డెక్కించేశాడు.

సభ్యులు బయటికి వస్తున్నారు. అతను తడికాళ్ళతోనే వెళ్ళి ఆ నర్సమ్మ ఎదుట నిలబడ్డాడు.

"అమ్మా, బండికేం కాలేదు. నేనే దాని డ్రైవర్ని. బస్తీ నీళ్ళు ఇక్కడ పోశాను. పాడైందని బస్తీలో అబద్ధం చెప్పింది కూడా నేనే."

వెనకనుంచి సూపర్‌వైజరు పరుగెత్తుకొచ్చాడు. "ఎండకు మతి పోయిందమ్మా వీడికి. పదవయ్యా, పద!"

"పోలేదు సార్. ఇవాళే వచ్చింది," అన్నాడు డ్రైవరు.

ఆవిడ కళ్ళు దించుకుని కాళ్ళకింద పచ్చిక చూసింది. చెప్పులు విప్పి, ఒక పాదం దాని మీద ఆనించింది. మెత్తగా, చల్లగా ఉంది.

"నేనూ ఇక్కడే నిలబడి ఫొటో దిగాను," అంది చివరికి. "నా చేత్తో మొక్కకు నీళ్ళు పోశాను. ఎక్కడివని అడగలేదు. లోపల మేం రాసుకున్న ప్రాధాన్యాలు చాలా అందంగా ఉన్నాయి. వాటిని చదువుతుంటే నేనే చప్పట్లు కొట్టాను. నువ్వు అబద్ధం చెప్పావు. మేం నిజం అడగలేదు. ఏది పెద్ద తప్పో నాకిప్పుడు తెలియడం లేదు." తర్వాత అతనివైపు చూసి, "ఈ మాట మళ్ళీ చెప్పమంటే చెబుతావా? ఉద్యోగం ఉండదు," అంది.

"చెబుతానమ్మా."

ఆవిడ వెనక్కి తిరిగి మెట్లెక్కింది. ఆ సాయంత్రం మంత్రిగారు తమ జవాబు సరిదిద్దుకోవలసి వచ్చింది. మనుషులు తాగాకే తోటలకు నీళ్ళు అని ఒక వాక్యం సభ రాసుకున్న ప్రాధాన్యాల్లో చేర్చారు. ఇంత చిన్న వాక్యం రాయించడానికి ఒక ముసలాయన చాప మీద పోవలసి వచ్చింది. సూపర్‌వైజరు కూడా ఆ సాయంత్రమే కొత్త డ్రైవర్ని మాట్లాడుకున్నాడు. "రేపు పొద్దున ట్రిప్పు వేసి తాళం ఇచ్చెయ్," అన్నాడు.

మర్నాడు ట్యాంకరు గుట్ట ఎక్కింది. చప్పుడు విని జనం వచ్చారు. అతను గొట్టం ముట్టుకోలేదు. సీట్లోంచి దిగి, వాళ్ళందరి ముందూ నిలబడి ఉన్నదున్నట్టు చెప్పాడు. బండి బాగానే ఉందని, నీళ్ళు ఎటు పోయాయో, తను ఎందుకు 'రేపు' అన్నాడో చెప్పాడు. ఎవరో తిట్టారు. ఎవరో ఏడ్చారు. ఒకామె డబ్బా విసిరికొట్టింది. అతను తప్పుకోలేదు.

అక్క దగ్గరికి వచ్చింది. కొడుతుందనుకున్నాడు. కొడితే బాగుండుననుకున్నాడు.

"నీళ్ళు తేలేదని కాదురా," అంది. "నీ చేతిలో లేనిదానికి నిన్నేం అంటాం? లేదు అని ఒక్కమాట చెప్పి ఉంటే ఆటో ఎక్కేవాళ్ళం. మా తిప్పలు మేం పడేవాళ్ళం. రేపు రేపు అని కూర్చోబెట్టావు చూడు, అదీ ఆయన్ని చంపింది. నేనిచ్చిన నీళ్ళు ఎలా తాగావురా?"

అతను ట్యాంకరు వెనక్కి నడిచి గొట్టం తీశాడు.

గోడ పొడుగునా వరస అలాగే ఉంది. అన్నిటికంటే ముందు గొడుగు వంకీ బిగించిన బకెట్టు. దాన్ని ఎవరూ జరపలేదు, ఎవరూ దాటలేదు. బిందె ఉన్నచోట మనిషి ఉన్నట్టే కదా! అతను గొట్టం పట్టుకుని దాని ముందు ఆగిపోయాడు.

"నింపు," అంది అక్క. "వరస ఆయనతోనే మొదలు."

నీళ్ళు బకెట్టు అడుగున పడి మోగాయి. ఎత్తుకెళ్ళేవాళ్ళు లేని ఆ బకెట్టు అంచుదాకా నిండింది. అక్క ఆ వంకీ పట్టుకుని ఎత్తి, పాప ఉన్న ఇంట్లోకి మోసుకెళ్ళింది.

చదివేవారలారా, ఒక రాజ్యానికి ఏది ముఖ్యమో తెలుసుకోవాలంటే అది కట్టిన బ్యానర్లు చదవకండి, ఉన్న నీళ్ళు ముందు ఎవరి బకెట్టులో పడుతున్నాయో వెళ్ళి చూడండి. నీళ్ళు పడనినాడు, ఇవాళ పడవు అని ఆ బకెట్టు వాళ్ళకు మొహం మీదే నిజం చెప్పండి.