ఫిలిప్ కోడికి ఆఖరి పాట

మా ఆయన ఫిలిప్‌కి ఒక కోడిపుంజు ఉంది. అది కూయదు, గింజలు తినదు, ఫోన్‌లో ఉంటుంది. నల్ల కళ్లద్దాలు పెట్టుకున్న బొమ్మ. నాలుగేళ్ల కిందట ఎన్‌ఎఫ్‌టీలంటే కుర్రకారంతా ఊగిపోతున్న రోజుల్లో, తన మొదటి జీతం పోసి కొన్నాడు. ఆ బొమ్మను ఎవరైనా చూడొచ్చు, దాచుకోవచ్చు. కానీ అసలు హక్కుదారు ఫిలిప్ అని కంప్యూటర్లలో చెరగని రాత ఒకటి ఉంటుందట. ఇప్పుడు దాని ధర ఎంతని అడక్కపోవడమే మర్యాద.

నేనూ అడక్కుండా ఊరుకునేదాన్నే. కానీ యూనివర్సిటీలో ఫిలిప్‌తో పాటు పాఠాలు చెప్పే భానుప్రకాశ్ క్యాంటీన్‌లో చాయ్ తాగుతూ, రేట్లు నేలకు దిగినయి, కొంటే ఇప్పుడే కొనాలె అని ఈయన చెవిలో ఊదాడు. ఇంకేం, ఈయన కన్ను నా ఓవెన్ డబ్బుల మీద పడింది. తార్నాకలో మా రెండు గదుల ఇంట్లో నేను కేకులు చేసి అమ్ముతాను. ఉన్న ఓవెన్‌లో ఒక్క కేకే పడుతుంది. పెద్దది కొనాలని ఏడాదిగా కూడబెడుతున్నాం. ఆ డబ్బుతో ఇంకో కోడి కొందామంటాడు. నాకు ఒళ్లు మండింది. పండుగ కానీ, అప్పుడు మాట్లాడదాం అన్నాను.

పండుగంటే మా చర్చిలో కోత పండుగ. మా పెద్దవాళ్లు కోస్తా నుంచి పొలాలు వదిలేసి వచ్చారు గానీ దీన్ని మాత్రం వదల్లేదు. పంటలు లేవు కనుక ఎవరికి తోచింది వాళ్లు తెస్తాం. గుమ్మడికాయ, నాటుకోడి, అరటిగెల. ఆరాధన అయ్యాక వేలం. మామూలు గుమ్మడికాయను వేలల్లో పాడతారు. పాడినవాళ్లు డబ్బు కట్టి, కాయను తిరిగి చర్చికే ఇచ్చేస్తారు. మళ్లీ పాట.

ఈసారి నా కేకు అలాగే చేతులు మారుతుంటే ఫిలిప్ నా చెవిలో, చూశావా, ఎన్‌ఎఫ్‌టీ అంటే ఇదే అన్నాడు. అంతటితో ఆగితే బాగుండేది. లేచి వెళ్లి, వేలం నడిపే ఇమ్మానుయేలు తాతగారి చేతికి ఫోనిచ్చి, ఈ కోడిని కూడా పాడించమన్నాడు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

తాతగారు ఫోన్ పైకెత్తి అందరికీ చూపించారు. జనం నవ్వారు, నవ్వుతూనే పాడారు. సువార్తమ్మ ఆంటీ ఐదు వేలకు పాడి చర్చికి ఇచ్చేసింది. ఆరోన్ ఏడు వేలకు పాడి ఇచ్చేశాడు. ఫిలిప్ ఛాతీ విరుచుకుని నావైపు చూశాడు. నా ఓవెన్ పోయినట్టే అనుకున్నాను.

ఈలోగా కేకును ఆఖరున పాడుకున్న ఏంజెల్ దాన్ని కోసి పంచడం మొదలుపెట్టింది. గుమ్మడికాయ సాంబారులోకి వెళ్లిపోయింది. తాతగారు గొంతు సవరించుకుని, "ఇక తిరిగివ్వడాల్లేవు. ఇంటికి తీసుకెళ్లేవాళ్లే పాడండి," అన్నారు.

కోడిని ఎవరూ పాడలేదు. తాతగారు పాటను వెయ్యికి దించారు, ఐదు వందలకు దించారు. ఆరోన్ కేకు నములుతూ ఎటో చూశాడు. ఫిలిప్ ముఖం కందిపోయింది. ఫోన్ వెనక్కి అడగలేడు, అక్కడ నిలబడలేడు. నాలుగేళ్లుగా ఆ కోడిని తిట్టిపోసిన నాకే జాలేసింది. ఓవెన్ దక్కిందని సంతోషించాల్సింది పోయి చెయ్యెత్తాను.

"వంద," అన్నాను.

ఇంటికి నడిచే బయలుదేరాం. తార్నాక చౌరస్తా దాటాక ఫిలిప్ మెల్లగా, "వాళ్లు అన్నేసి వేలు పాడింది చర్చి కోసం, బ్లెస్సీ. కోడి కోసం కాదు," అన్నాడు.

"మరి నేను పాడింది?"

"నాకోసం," అని నా చేతిలోని సంచీ తీసుకున్నాడు. కోడిని నా పేరుకు మార్చాలంటే అయ్యే ఖర్చే వంద దాటుతుందని కూడా చెప్పాడు. రోడ్డు మీదే పడీ పడీ నవ్వాను.

మర్నాడు క్యాంపస్‌లో భానుప్రకాశ్ మళ్లీ కదిపాడట. "చూసి మురిసెటందుకైతే కొను భాయ్. అమ్మెటందుకైతే, ఎవరు కొంటరో ముందుగాల చూస్కో," అన్నాడట ఫిలిప్, అతని యాసలోనే. భానుప్రకాశ్ ఇంకో చాయ్ చెప్పాడట.

పెద్ద ఓవెన్ వచ్చింది. ఒకేసారి నాలుగు కేకులు పడుతున్నాయి. అవి పొంగేదాకా ఖాళీయే కదా, ఫిలిప్‌ని పిలిచి నా కోడిని చూపించమంటాను. కళ్లద్దాలతో బాగానే ఉంటుంది, తిట్టిందీ నేనే గానీ. ఇప్పుడు ఎవరైనా వచ్చి అడిగినా అమ్మను.