నాలో సున్నం లేదు

నేను ఒక ఇత్తడి సున్నపు భరిణెను. అరచేతిలో ఇమిడిపోయేంత దాన్ని. నా మూత మీద చిలక బొమ్మ ఉంది. దాని ముక్కు ఎప్పుడో అరిగిపోయింది కాబట్టి కొత్తవాళ్లు పిచ్చుక అనుకుంటారు. మనసు చివుక్కుమంటుంది గానీ, నోరు లేనిదాన్ని, ఏమని చెప్పుకోను?

నేను పుట్టింది ఇత్తడి పనికి పేరుపడ్డ అజ్జరంలో. నన్ను పోతపోసిన కంచరాయన మూత బిగుతుగా పడుతోందో లేదో పదేపదే నొక్కి చూసి, "లోపలి సంగతి బయటికి రాకూడదే" అని నవ్వి పంపించాడు. ఆ మాట నేను మరీ ఎక్కువగా నిలబెట్టుకున్నానేమోనని తరవాత చాలాసార్లు అనిపించింది.

ఆత్రేయపురంలో పూతరేకులు తీసే వీరమాంబ నన్ను ఒక తీర్థం సంతలో కొని నడుం దగ్గర రొండిన దోపుకుంది. ఆమె ముసలిదయ్యాక నన్ను కోడలు భూలక్ష్మి చేతిలో పెట్టింది. నగలు కూతుళ్లకు, భరిణె కోడలికి. అయినా భూలక్ష్మి మురిసిపోయింది. ప్రతి శుక్రవారం చింతపండు పెట్టి నన్ను తోమేది. తోముతూ పాడేది. పాడుతూ మధ్యలో ఆపి, వీధిలో పోయేవాళ్లను పిలిచి పరాచికాలాడేది.

ఆమె రేకు తీయడం మీరు చూడాలి. బోర్లించిన కుండ కింద కొబ్బరాకుల మంట. పలచటి బియ్యప్పిండి నీళ్లలో గుడ్డ ముంచి, కుండ మీద ఒక్క లాగు లాగేది. గుడ్డ వెనకాలే రేకు తేలేది. ఆ ఒక్క లాగులో చెయ్యి వణికిందా, రేకు చిరిగిందన్నమాటే. భూలక్ష్మి చెయ్యి వణకదని ఊళ్లో అందరికీ తెలుసు.

భర్త చనిపోయిన ఏడు ఆమె మనసు చెదిరింది. నిద్రలేదు, ఎవరివో మాటలు వినిపిస్తున్నాయనేది, గోడతో గొడవపడేది. కొడుకు ఏడుకొండలు రాజమండ్రి తీసుకెళ్లి పెద్దాసుపత్రిలో చూపించాడు. మాత్రలు రాశారు, మనిషి తేరుకుంది. అప్పుడప్పుడూ వచ్చి చూపించుకోవాలని కూడా చెప్పారు. బాగున్నవాళ్లు డాక్టరు దగ్గరికి ఎందుకు వెళ్తారు? అదే చీటీ మీద అవే మాత్రలు ఏళ్ల తరబడి మింగుతూ పోయింది.

ఈలోగా ఒక పళ్ల డాక్టరు ఆమె నోట్లో మచ్చ చూసి, ఆకూ వక్కా మానేయమన్నాడు. ఆ రోజే మానేసింది. నన్ను కడిగి, ఆరబెట్టి, ఉత్తి భరిణెనే మళ్లీ రొండిన దోపుకుంది. వదిలిపెట్టలేకపోయింది పాపం.

మానేసిన కొన్నాళ్లకే ఆమె నోరు నమలడం మొదలుపెట్టింది. దవడ ఆడేది, పెదాలు చప్పరించేవి, నాలుక తొంగిచూసి లోపలికి పోయేది. నోట్లో మాత్రం ఏమీ ఉండేది కాదు. కోడలు నాగదేవి చూసింది. ఆమె భూలక్ష్మికి సొంత తమ్ముడి కూతురే, మేనరికం. అందుకే చనువూ ఎక్కువ, కోపమూ ఎక్కువ.

"అత్తా, మళ్లీ మొదలెట్టేవా?"

"లేదే. ఒట్టు."

ఒట్టు వేస్తున్నప్పుడూ ఆ నోరు ఆడుతూనే ఉంది. నాగదేవి నన్ను లాక్కుని మూత తీసింది. వాసన చూసింది. వేలు పెట్టి లోపలంతా తడిమింది. ఏమీ తగల్లేదు. అయినా నమ్మలేదు, "ఇంకెక్కడో దాచేవు" అంది. ఉత్తి భరిణె కంటే పెద్ద సాక్ష్యం ఏముంటుంది? మనుషులు మాత్రం కళ్లతో చూసిన దవడనే నమ్ముతారు.

మచ్చ ముదిరిపోతుందని నాగదేవి భయం. ఆ భయాన్ని ఆమె తిట్టుగా మార్చుకుని తిరిగేది, ఇరుగుపొరుగుతో కూడా చెప్పేది, మా అత్త దొంగచాటుగా ఆకు వేస్తోందని. ఒక పెళ్లిలో ఆ నోరు చూసి చుట్టాలు పగలబడి నవ్వారు. అప్పటినుంచి భూలక్ష్మి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని బతకడం నేర్చుకుంది.

తరవాత కుడిచేతి వేళ్లు మొదలయ్యాయి. వాటంతటవే లేచేవి, మెలితిరిగేవి. కుండ మీద గుడ్డ లాగుతుంటే మధ్యలో ఎగిరేవి. రేకులు చిరిగిపోయేవి. ఒకనాడు పొద్దున్న వరసగా అన్నీ చిరిగాయి. పెళ్లివారికి ఇవ్వాల్సిన సరుకు. భూలక్ష్మి తలవంచుకుని కూర్చుంది. నాగదేవి విసురుగా వచ్చి ఆ చెయ్యి పట్టుకుంది. తన గుప్పిట్లో ఆ వేళ్లు ఎగురుతూనే ఉన్నాయి.

"అత్తా, నువ్వు కదుపుతున్నావా?"

"నేను కాదే. దానంతటదే."

నాగదేవి ఆ చేతిని చూసింది, తరవాత కొంగు పక్కకు తీసి ఆ నోటిని చూసింది. అన్ని నెలలుగా తను ఏమేం అందో అంతా ఆమెకు అక్కడే గుర్తొచ్చింది. పిండి అంటిన ఆ చెయ్యి వదల్లేదు, అలాగే పట్టుకుని ఏడ్చింది. నాకు ఆమె మీద ఉన్న కోపమంతా ఆ పూటతో పోయింది.

రాజమండ్రిలో ఈసారి ఒక డాక్టరమ్మ చూసింది. "చాన్నాళ్లు వాడిన ఆ మందుల వల్లే ఈ కదలికలమ్మా," అంది. "అలాగని మీ అంతట మీరు మానేయకండి, పాత జబ్బు తిరగబెట్టుద్ది. వాటిని నేను చూసి మారుస్తాను. కదలికలకి వేరే మాత్ర ఇస్తున్నాను. ఇది మూలం నుంచి పోగొట్టే మందు కాదు, అణిచే మందు. తక్కువతో మొదలెట్టి మెల్లగా పెంచుతాం." ఇంకోమాట నాగదేవి వైపు తిరిగి చెప్పింది. "నిద్రమత్తు ఉండొచ్చు. అది కాదు ముఖ్యం. ఈ మందుతో కొందరికి మనసు కుంగిపోద్ది. దిగులుగా ఉన్నా, మాట తగ్గినా నాకు వెంటనే చెప్పాలి."

ఇంటికి రాగానే నాగదేవి మాత్రల అట్టను ముక్కలుగా కత్తిరించి నాలో పెట్టింది. ఎప్పుడూ రొండిన ఉండేదాన్ని కాబట్టి మరిచిపోదని. ఇన్నాళ్లూ నోరు పండించినదాన్ని, ఇప్పుడు నోటిని నిలబెట్టే పని నాకు. కొంచెం గర్వంగానే ఉండేది.

మోతాదు పెరిగేకొద్దీ దవడ నెమ్మదించింది. వేళ్లు చెప్పినమాట విన్నాయి. రేకులు మళ్లీ నిండుగా లేచాయి. ఏడుకొండలు అందరితో చెప్పుకున్నాడు, "మా అమ్మ ఎంత నెమ్మదస్తురాలయ్యిందో, పల్లెత్తు మాట కూడా అనట్లేదు" అని. నాగదేవి కూడా సంబరపడింది. రేకు నిలిచిందని చూశారు గానీ, తీసే మనిషి ఏమైందో చూడలేదు. రొండిన ఉండేదాన్ని, నాకు తెలుసు. పాట ఆగిపోయింది. వీధిలో ఎవరు పోతున్నా తల ఎత్తడం లేదు. శుక్రవారాలు వచ్చి పోతున్నాయి, చింతపండు నా ఒంటికి తగలడం లేదు. చిలుము పట్టి నల్లబడ్డాను.

మాత్రలు నింపడానికి నన్ను తీసుకున్న నాగదేవి వేలికి చిలుము పచ్చగా అంటుకుంది.

"భరిణె తోమలేదేంటత్తా?"

"తోమి ఏం చేసుకోవాలే." గోడకేసి చూస్తూ అంది, "నేనుండి మాత్రం ఏం చేసుకోవాలే."

నాగదేవి నన్ను కింద పెట్టలేదు. పొయ్యి ఆర్పి, చీర కూడా మార్చుకోకుండా, అత్తను లేవదీసి బస్సెక్కించింది. దారంతా ఆమె నడుం చుట్టూ చెయ్యి వేసే ఉంచింది. డాక్టరమ్మకు పూసగుచ్చినట్టు చెప్పింది. డాక్టరమ్మ భూలక్ష్మి పక్కన కుర్చీ వేసుకుని చాలాసేపు మాట్లాడింది. కొత్త మాత్ర తగ్గించింది, దిగులుకు మందు రాసింది. తరచూ తీసుకురావాలని, మనసు తేరుకునేదాకా ఒంటరిగా వదలొద్దని చెప్పింది. "తగ్గిస్తే కదలికలు కొంచెం తిరిగొస్తాయమ్మా" అంది.

"రానివ్వండి," అంది నాగదేవి. "మా అత్తని కూడా రానివ్వండి."

రావడానికి ఒక ఎండాకాలం పట్టింది. నాగదేవి పనంతా ఆమె పక్కనే పెట్టుకుంది, పడక కూడా. దవడ మళ్లీ కొద్దిగా ఆడింది. అప్పుడప్పుడూ ఒక రేకు చిరుగుతుంది. చిరిగినదాన్ని నాగదేవి చప్పుడు చేయకుండా అందుకుని, బెల్లమూ నెయ్యీ వేసి, నిండు రేకు లోపల మడతపెట్టి చుట్టేస్తుంది. తినేవాళ్లకు రుచి తేడా తెలియదు.

మొన్న కారు దిగి వచ్చిన ఒకావిడ పూతరేకులు కొంటూ, "మీ అత్తగారు ఏదో నములుతున్నారే, పిండిలో పడదు కదా?" అంది. భూలక్ష్మి చెయ్యి కొంగు మీదికి వెళ్లింది.

"నోట్లో ఏం లేదండి," అంది నాగదేవి, వీధి చివరిదాకా వినపడేంత గొంతుతో. "దానంతటదే ఆడుద్ది. మందు వాడుతున్నాం. ఈ రేకులన్నీ ఆవిడ తీసినవే, తిని చూడండి."

కొంగు మీది చెయ్యి కిందికి దిగింది.

ఆ సాయంత్రం నాగదేవి నన్ను ఒళ్లో పెట్టుకుని చింతపండుతో రుద్దింది. ఒకప్పుడు సున్నం కోసం నాలో తడిమిన వేలే అది.

"ఆ పిట్ట దగ్గర మెల్లగా రుద్దవే, ఉన్న కాస్తా అరిగిపోద్ది," అంది కుండ దగ్గరి నుంచి భూలక్ష్మి.

"పిచ్చుకే కదత్తా, ఏమవుద్ది?"

"పిచ్చుకేంటే, కళ్లు లేవా నీకు? అది చిలక," అని గట్టిగా కసిరి, గుడ్డ పిండిలో ముంచి, ఎక్కడో ఆపేసిన పాట అందుకుంది.