ఎర్రదారం సీసా, తెల్లదారం సీసా

పత్తికొండ చుట్టుపక్కల నూనె వ్యాపారంలో ఉన్నవాళ్ల దగ్గర ఉత్త అనంతయ్య అంటే ఎవరూ గుర్తుపట్టరు. ముక్కు అనంతయ్య అనాలి. ముప్పై రెండేళ్లుగా మా సావుకారు రాఘవేంద్రప్రసాద్ గారి వేరుశనగ నూనె మిల్లులో నాది ఒకటే పని. డబ్బాల్లోకి ఎక్కకముందు నూనె వాసన చూసి, బయటికి పంపొచ్చో లేదో తేల్చడం. పాత గింజ ఆడితే చెప్పేవాణ్ణి. వానకు తడిసి ఎండిన గింజ ఆడితే చెప్పేవాణ్ణి.

చెప్పేవాణ్ణి అంటున్నాను, గమనించండి. కరోనా రెండోసారి వచ్చినప్పుడు నాకు వాసన పోయింది. మా వీధిలో వాసన పోయినవాళ్లందరికీ నెలకో రెండు నెలలకో తిరిగి వచ్చింది. నాది మాత్రం ఎటుపోయిందో అడ్రసు లేదు. మూడేళ్లు దాటింది. కాలే మిరపకాయైనా, మల్లెపూవైనా నాకు ఒకటే.

ఈ సంగతి తెలిసింది ఒక్క నా భార్య రాజ్యలక్ష్మమ్మకే. రోజూ సాయంత్రం నూనె చిన్న సీసాల్లో పట్టుకుని, ఏ సీసాకు ఆ సీసా మెడకు రంగుదారం కట్టి ఇంటికి తెస్తాను. ఆమె రెండు చుక్కలు అరచేతిలో వేసుకుని, రుద్ది, వాసన చూసి చెబుతుంది. పొద్దున్నే నేను మిల్లుకు పోయి, మళ్లీ ఒకసారి ముక్కు దగ్గర పెట్టుకున్నట్టు నటించి, ఆమె మాటే నా మాటగా చెబుతాను. మూడేళ్లలో ఒక్క డబ్బా తిరిగి రాలేదు. నా పేరు ఇంకా పెరిగింది కూడా. సిగ్గు లేకుండా ఆ పేరు మోస్తూ తిరిగాను.

మొన్న సావుకారు నన్ను గదిలోకి పిలిచి బల్లమీద రెండు సీసాలు పెట్టాడు. మన సీసాలే, దారాలు కూడా కట్టాడు. లోపల ఉన్నది నూనె కాదు.

"అనంతయ్యా, కడప నుంచి నాగచైతన్య అని ఒకాయన వస్తాండాడు. మూడు హోటళ్లు ఉండాయి. ఏడాది పొడుగునా మన నూనె తీసుకుంటానంటాండాడు. అయితే విస్కీల పిచ్చి శానా. నీ ముక్కు సంగతి చెప్తే నవ్వినాడు. ఏది స్కాచో ఏది ఐరిషో వాసన మీద చెప్తే, నీ మాట మీదనే నూనె తీసుకుంటాడంట. లేకుంటే పరీక్ష మిషన్ పెట్టుకోమంటాండాడు."

"మిషన్ పెడితే నేనేం చేయాల సావుకారూ?"

ఆయన సీసాలు నా వైపు జరిపాడు. "ఎర్రదారం స్కాచి, తెల్లదారం ఐరిష్. ముందే కడప నుంచి తెప్పించినా. ఇంటికి తీస్కపోయి బాగా చూసుకో. రేపు మధ్యాన్నం వస్తాడు."

"మా ఇంట్లో ఎవురూ అట్లాటి సీసా ముట్టింది ల్యా సావుకారూ."

"తాగమంటాండానా? నూనె తాగి చెప్తాండావా నువ్వు? వాసనే గదా!"

వాసనే గదా! నవ్వాలో ఏడవాలో తెలియక సీసాలు సంచిలో వేసుకుని ఇంటికి వచ్చాను.

రాజ్యలక్ష్మమ్మ ఆ సాయంత్రం వాటిని గడప దాటనీయలేదు. "దేవుని పటాలు ఉండాయి ఈడ, కనపడ్డంల్యా?" అంది. రాత్రంతా సీసాలు పెరట్లో బట్టలుతికే రాయి మీదే ఉన్నాయి. పొద్దున పూజ ముగించి, కొంగు బిగించి, ఏదో చేయరాని పని చేయబోతున్నట్టు ఆ రాయి దగ్గరికి నడిచింది. ఈ వయసులో ఆమెచేత ఈ పని చేయిస్తున్నందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. అయినా ఎర్రదారం సీసా మూత తీసి అందించాను.

అరచేతిలో రుద్ది చూసి ముఖం తిప్పుకుంది. "పొగండీ ఇది. తడికట్టెల పొగ. దాని ఎనక టింక్చరు మాదిరి ఏందో ఉండాది. ముక్కులో నిలబడిపోయింది."

చేతులు కడిగించి తెల్లదారం సీసా ఇచ్చాను.

"ఇది మేలు. శానా మెత్తగుండాది. పాకం దించినాక గిన్నె అడుగున వాసన రాదా, అట్ల. ఏదో పండు కూడా ఉండాది."

"ఏం పండు?"

"ఆ దేశం పండ్లు నేను యాడ తిన్నా?"

ఆ మాటలన్నీ బడిపిల్లవాడిలా కంఠస్థం చేశాను. అంతకంటే ముఖ్యమైనది నాకు వేరే దొరికింది. ఎర్రదారం సీసాలోది ఎండుగడ్డి రంగు. తెల్లదారంలోది ముదురు తేనె రంగు. నూనెలో సగం తీర్పు రంగే చెబుతుంది. ఇక నాకు ముక్కుతో పనేముంది? మూడేళ్లలో మొదటిసారి మిల్లుకు ఈల వేసుకుంటూ పోయాను.

నాగచైతన్య మూడు గంటలకు వచ్చాడు. ముప్పై ఐదేళ్లుంటాయి, మర్యాదస్తుడు. "స్కాచ్‌లో కొన్నిట్లో పొగ ఉంటాది పెద్దాయనా. ఐరిష్‌వాళ్లు ఎక్కువగా మూడుసార్లు కాస్తారు, అందుకే అది నున్నగా దిగుతాది" అని ఎంతో ఇష్టంగా చెప్పాడు. తర్వాత పక్క గదిలోకి పోయి రెండు స్టీలు గ్లాసుల్లో పోసుకుని వచ్చాడు.

"తెల్ల సాసర్లు తెప్పించండి" అన్నాను దర్జాగా. సాసర్లలో పోస్తే ఒకటి ఎండుగడ్డి రంగు, ఒకటి తేనె రంగు. నా గుండె నిమ్మళించింది. అయినా పద్ధతి తప్పకుండా ఎడమ చేతిలో ఒకటి, కుడిచేతిలో ఒకటి రుద్దుకున్నాను.

"అరె, విస్కీవాళ్లు కూడా ఇట్లనే చేతిలో రుద్ది చూస్తారు పెద్దాయనా! ఎవురు నేర్పినారు?"

"మా నూనె నేర్పింది" అన్నాను. సావుకారు ముఖం వెలిగిపోయింది. ఇక నన్ను ఆపేవాళ్లెవరు? లేతరంగు సాసరు చూపించి, తడికట్టెల పొగ, టింక్చరు, స్కాచి అన్నాను. ముదురుది పాకం గిన్నె, ఏదో పండు, ఐరిష్ అన్నాను.

నాగచైతన్య తల వంచుకుని విన్నాడు. "దీంట్లో పొగ ఉండాదంటావా?"

"ఉండాది."

"శానానా?"

"తలుపేసిన వంటింట్లో నిలబడినట్ల."

అతను పక్క గదికి పోయి ఒకే ఒక సీసా తెచ్చి బల్లమీద పెట్టాడు. "రెండూ దీంట్లోవే పెద్దాయనా. ఐరిష్. ఒకదాంట్లో సగం నీళ్లు కలిపినా. స్కాచి ఇంకా కార్లోనే ఉండాది."

నీళ్లు! ముప్పై రెండేళ్లు నూనెతో బతికినవాడికి ఆ ఆలోచన ఎక్కడినుంచి వస్తుంది? నూనెలో నీళ్లు దాక్కోలేవు. అడుగున చేరి నేనున్నానని చెబుతాయి. రంగు పలచబడిందంటే సరుకే వేరని మా లెక్క. నీళ్లు ఇంత నంగనాచిగా కలిసిపోయి, ఒక సరుకును రెండు చేస్తాయని నాకెవరు చెప్పారు? నా రెండు చేతులూ ఇంకా తడిగానే ఉన్నాయి.

నాగచైతన్య నన్ను ఎగతాళి చేయలేదు. చేసినా బాగుండేది. ఫోన్ చూసుకుంటూ బయటికి పోయాడు.

"ఎప్పట్నుంచి?" అన్నాడు సావుకారు.

"కరోనా అప్పట్నుంచి."

"మరి ఈ మూడేండ్లు మన నూనె చూసిందెవురు?"

రాజ్యలక్ష్మమ్మ అనాలి. ఐదు అక్షరాలు. చెబితే ఆయన ఆమెకు దండం పెట్టేవాడేమో, ఆ పని ఆమెకే ఇచ్చేవాడేమో, నాకు తెలియదు. ముక్కు పోయినా పేరు పోవడం నాకు ఇష్టం లేదు.

"అలవాటు మీద చెప్పినా" అన్నాను.

ఆయన కిటికీలోనుంచి డబ్బాల వైపు చూశాడు. "మిషన్ తెప్పిస్తా. రేపట్నుంచి రావద్దులే అనంతయ్యా."

ఇంటికి వచ్చేసరికి దీపాలు పెట్టే వేళ. కుందిలో నూనె పోసి ఉంది, వత్తి వేసి ఉంది, వెలిగించలేదు. రాజ్యలక్ష్మమ్మ మెట్టుమీద కూర్చుని చేతులు రుద్దుకుంటోంది. పక్కన కుంకుడు నురుగు, నిమ్మచెక్క, శనగపిండి.

"పొద్దుట్నుంచి కడుగుతానే ఉండా" అంది. "ఆ పొగవాసన పోయిందో, ఇంకా ఉండాదో నాకు తెలీడంల్యా. ఈ చేత్తో దేవుని ముందర దీపం ఎట్ల పెట్టేది? రొంత చూడండి."

అరచేతిని నా ముక్కు దగ్గరికి తెచ్చింది. పెళ్లైనప్పటినుంచి చారుపొడి వేగిందా, నెయ్యి కాగిందా అని అలాగే తెచ్చేది. మరిచిపోయింది పాపం. ఆమె చేతి చర్మం నానిపోయి ముడతలు పడి ఉంది. కళ్లు మూసుకుని గట్టిగా పీల్చాను. గాలి వచ్చింది, అంతే.

పోయిందిలే అంటే చాలు, ఆమె లేచి దీపం పెట్టుకునేది. మధ్యాహ్నం లేని పొగను అంత చక్కగా వర్ణించినవాణ్ణి, ఈ ఒక్క మాట అనలేకపోయాను.

"నాకు తెలీదు రాజ్యం" అన్నాను. "పని పోయింది. నూనె చూసిందెవురని అడిగినాడు. నీ పేరు చెప్పలేకపోయినా."

ఆమె చెయ్యి కిందికి దించింది.

"నా పేరు ఆయనకు తెలుసునా అసలు?" అంది.

లేచి కుంకుడు గిన్నె తీసుకుని మళ్లీ పెరట్లోకి పోయింది. నీళ్ల చప్పుడు వినిపిస్తోంది. వెలిగించని దీపం ముందు నేను కూర్చున్నాను.